మా ఊరి లైబ్రరీ పక్కన వీఆర్ గది పెడదామంటున్నారు, పైసలు దండగ అవుతాయా?

పరకాల_పాతబ్యాచ్:

నమస్తే అందరికీ. మాది పరకాల దిక్కు ఒక మండల కేంద్రం. మా టెన్త్ బ్యాచ్ వాళ్ళం ఊరికి పనికొచ్చేది ఏదైనా చేద్దామని నాలుగు లక్షల దాకా జమచేశాం. సగం మంది హైదరాబాద్‌లో ఉంటారు, కొందరు బయటి దేశాల్లో. లైబ్రరీ పక్కన ఒక గది ఖాళీగా ఉంది, అందులో వీఆర్ (వర్చువల్ రియాలిటీ, కళ్ళకు హెడ్‌సెట్ పెట్టుకుంటే వేరే చోట ఉన్నట్టు చూపించేది) సెంటర్ పెట్టాలని వాళ్ళ పట్టుదల. బడి పిల్లలు, డిగ్రీ అయిపోయి ఖాళీగా తిరుగుతున్న పోరగాళ్ళు, మహిళా సంఘాల వాళ్ళు ఎవరైనా సరే వచ్చి హెడ్‌సెట్ పెట్టుకొని డిజిటల్ స్కిల్స్ నేర్చుకోవాలట. అమెరికాలో లైబ్రరీల్లో ఇట్లాంటివి ఉన్నాయని మా వాడొకడు గ్రూపులో ఫొటోలు కూడా పెట్టాడు.

ఒక వెండర్ వచ్చి పది హెడ్‌సెట్లు, రంగు లైట్లు, గోడ నిండా స్టిక్కర్, బయట 'మెటావర్స్ ల్యాబ్' అని బోర్డు, అన్నీ కలిపి ప్యాకేజీ చెప్పాడు. గ్రూపులో అందరూ బొటనవేలు పైకెత్తారు. ఊర్లో ఉండేది నేనొక్కణ్ణే, రేపు తాళంచెవి నా చేతికే వస్తుంది, అందుకే నాకు టెన్షన్.

వీఆర్ పెట్టుకుంటే నిజంగా కంప్యూటర్ పని, ఆన్‌లైన్ పని వస్తుందా? లేక ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ఎక్కినట్టు ఒకసారి ఎక్కి దిగి పోతారా? ఎవరైనా దగ్గరుండి చూసిన వాళ్ళుంటే చెప్పండి, కంపెనీల యాడ్ మాటలు వద్దు.

పోచమ్మమైదాన్_వాసి:

బోర్డు పేరు వినగానే అర్థమైంది. ఓపెనింగ్‌కు రిబ్బను, పేపర్లో ఫొటో, ఆర్నెల్లకు తాళం. ముందు ఆ లైబ్రరీకి బాత్రూం ఉందో లేదో చూడండి అన్నా. ఆడపిల్లలు రావాలంటే హెడ్‌సెట్ కంటే అది ముఖ్యం.

పాత_గ్రంథపాలకుడు:

పై తమ్ముడు ఎగతాళిగా అన్నా బాత్రూం మాట నిజం, దాన్ని మీ లిస్టులో మొదట రాసుకోండి.

నేను గ్రంథాలయాల్లోనే పనిచేసి రిటైర్ అయ్యాను. లైబ్రరీలో వీఆర్ ఏంటి అని ముక్కు విరిచేవాణ్ణి కాదు. హనుమకొండలో రాజరాజనరేంద్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1904లో పెట్టినప్పుడు నిజాం పాలనలో తెలుగు పత్రిక ఒకచోట కూర్చొని చదవడమే కొత్త సంగతి. వరంగల్‌ను 2022లో యునెస్కో వాళ్ళు లెర్నింగ్ సిటీల నెట్‌వర్క్‌లో చేర్చారు, మనతోపాటు కేరళ నుంచి త్రిసూర్, నిలంబూర్ ఉన్నాయి. అంటే బడి బయట, వయసుతో పనిలేకుండా, అందరూ నేర్చుకునే చోట్లు ఉండాలన్నదే కదా దాని అసలు ఉద్దేశం. కాబట్టి మీ ఆలోచన తప్పేమీ కాదు.

ఇప్పుడు ఆ అమెరికా ఫొటోల సంగతి. కాలిఫోర్నియాలో 2017లో ఓక్యులస్ అనే వీఆర్ కంపెనీ 90 లైబ్రరీలకు 100 రిఫ్ట్ హెడ్‌సెట్లు ఇచ్చింది. అవి కంప్యూటర్‌కు వైరుతో తగిలించే రకం. ఆ మొదటి రిఫ్ట్ మోడల్ అమ్మకం 2019కల్లా ఆగిపోయింది. పుస్తకం అయితే అట్ట చిరిగినా ముప్పై ఏళ్ళు బీరువాలో ఉంటుంది, ఈ వస్తువుల ఆయుష్షు అంత కాదు, మీ నాలుగు లక్షలూ ఒకేసారి వాటి మీద పోయకండి. హెల్సింకీలో ఊడీ అని 2018 డిసెంబరులో తెరిచిన పెద్ద లైబ్రరీ ఉంది, అందులో త్రీడీ ప్రింటర్లు ఉన్నాయి, కుట్టుమిషన్లు కూడా ఉన్నాయి. ఆ కుట్టుమిషన్ల ముచ్చట నాకు బాగా నచ్చింది. మెషీన్ కొత్తదా పాతదా అని కాదు, ఊరి మనిషి వచ్చి తన పని తాను చేసుకొని పోగలడా అని చూశారు వాళ్ళు.

ఇంకో మాట, ఇది ఎవరూ చెప్పరు. మన శాఖా గ్రంథాలయాల్లో ఇప్పుడు కూర్చునేది ఎక్కువగా గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు, డీఎస్సీకి చదివే పిల్లలు. పొద్దున గేటు తీయకముందే బయట నిలబడతారు. పక్క గదిలో నలుగురు హెడ్‌సెట్ పెట్టుకొని 'అమ్మో పడిపోతున్నా' అని కేకలు పెడితే వాళ్ళతో మీకు రోజూ పంచాయితీయే. నడుమ గోడ ఉందా, తలుపు గట్టిగా పడుతుందా చూసుకోండి.

రోజువారీ ఖర్చు గ్రంథాలయ సంస్థ చూసుకుంటుందిలే అని కూడా అనుకోకండి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్ అని చట్టంలో ఉంది కానీ, నేను పనిచేసినన్నాళ్ళూ వసూలైనంత తొందరగా ఆ డబ్బు మా దాకా వచ్చేది కాదు. కరెంటు బిల్లు, నెట్ బిల్లు ఎవరు కట్టాలో ముందే కాగితం మీద రాయించుకోండి.

కాజీపేట_కోడర్:

నేను వీఆర్ యాప్‌ల మీదే పనిచేస్తా, అయినా మీకు పది హెడ్‌సెట్లు వద్దనే చెప్తా.

ముందు మీ అసలు ప్రశ్నకు జవాబు. మన దగ్గర ఒక డిగ్రీ పిల్లకు రోజూ అడ్డం పడే పనులు ఏంటి? డిగ్రీ అడ్మిషన్ల వెబ్‌సైట్ దోస్త్‌లో ఆప్షన్లు పెట్టుకోవడం, సర్టిఫికెట్ స్కాన్ చేసి చెప్పిన సైజుకు కుదించడం, మెయిల్‌కు ఫైల్ తగిలించడం, ఎక్సెల్‌లో ఒక పట్టిక, కంప్యూటర్ మీద రాసే పరీక్షలో మౌస్ పట్టుకుంటే చేయి వణకకుండా ఉండటం. వీటిల్లో ఒక్కటి కూడా హెడ్‌సెట్‌లో రాదు. దానికి కీబోర్డు ఉన్న మామూలు కంప్యూటర్ కావాలి, పక్కన విసుక్కోని మనిషి ఒకరు కావాలి.

'వీఆర్‌లో ఏది నేర్చుకున్నా బాగా ఎక్కుతుంది' అని వెండర్ చెప్తే ఒక సంగతి అడగండి. డెన్మార్క్‌లో గీడో మక్రాన్‌స్కీ, అమెరికాలో రిచర్డ్ మేయర్ వాళ్ళు కలిసి చేసిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. 52 మంది యూనివర్సిటీ విద్యార్థులు, ఒకే సైన్స్ ల్యాబ్ సిమ్యులేషన్ (నిజం ల్యాబ్‌కు కంప్యూటర్ నకలు), కంప్యూటర్ స్క్రీన్ మీద ఒకసారి, హెడ్‌సెట్‌లో ఒకసారి. హెడ్‌సెట్‌లో 'నిజంగా అక్కడే ఉన్నట్టుంది' అని ఎక్కువగా అన్నారు, నేర్చుకున్నది మాత్రం తక్కువ. బుర్ర మీద భారం కూడా ఎక్కువ పడింది. అట్లని వీఆర్ దండగ అని కాదు నా ఉద్దేశం, పాఠం చదివించడానికి అది సరైన వస్తువు కాదు అంటున్నా. చేత్తో చేసే పని, ప్రమాదం ఉన్న పని, మన ఊర్లో దొరకని చోటు, వీటికి పనికొస్తుంది. రామప్ప గుడిని హెడ్‌సెట్‌లో చూపిస్తామని ప్యాకేజీలో కచ్చితంగా ఉండే ఉంటుంది కదా? పరకాల పిల్లలకు రామప్ప చూపించాలంటే బస్సెక్కించండి సార్, పాలంపేట ఏమన్నా పారిస్‌లో ఉందా.

ఇంకొకటి, కంపెనీ తాళం వేస్తే మన పాఠం పోతుంది. గూగుల్ వాళ్ళు 2014లో కార్డ్‌బోర్డ్ తెచ్చారు, అట్ట పెట్టెలో ఫోన్ పెట్టుకొని చూసేది, చౌక. బడుల కోసం ఎక్స్‌పెడిషన్స్ అని యాప్ కూడా ఇచ్చారు, టీచర్లు దాని మీద పాఠాలు తయారు చేసుకున్నారు, 2021 జూన్‌లో ఆ యాప్ ఆపేశారు. అందుకే యాప్ కొనడం కంటే, పిల్లలే తయారు చేసేది మేలు. డిజిటల్ స్కిల్ వచ్చేది కూడా అక్కడే.

ఏ-ఫ్రేమ్ అని వెబ్ పేజీలో వీఆర్ కట్టే సాధనం ఉచితంగా దొరుకుతుంది, 2015లో మొజిల్లా వాళ్ళు మొదలుపెట్టారు. పది పన్నెండు లైన్ల హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే కోడ్) రాస్తే బ్రౌజర్‌లో ఒక త్రీడీ గది వస్తుంది, అదే లింకు హెడ్‌సెట్‌లో తెరిస్తే ఆ గదిలో నిలబడొచ్చు. ఇంటర్ పిల్లలు కూడా కూర్చుంటే చేయగలరు. ఇంకా సులువుగా కావాలంటే ఫొటోగ్రామెట్రీ: ఒక వస్తువు చుట్టూ తిరుగుతూ ఫోన్‌తో నలభై యాభై ఫొటోలు, ఒక ఫొటోలో ఉన్నది పక్క ఫొటోలో సగానికి పైగా కనబడాలి, వాటిని సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే త్రీడీ మోడల్ కట్టిస్తుంది. ఉత్సాహంతో ఇంట్లో ఉన్న పెంబర్తి ఇత్తడి దీపం పట్టుకొస్తారు, దానితో మొదలుపెట్టకండి. మెరిసే వస్తువు ఒక్కో ఫొటోలో ఒక్కో తీరుగా కనబడుతుంది, సాఫ్ట్‌వేర్ తికమక పడి ముద్ద చేస్తుంది. చేర్యాల బొమ్మ తెచ్చుకోండి. చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపి చేసి పైన రంగులు వేస్తారు, గీతలు, రంగులు ఎక్కువ ఉంటాయి కాబట్టి ఒక ఫొటోను ఇంకో ఫొటోతో కలపడానికి సాఫ్ట్‌వేర్‌కు గుర్తులు బాగా దొరుకుతాయి.

దీంట్లో పిల్లలకు ఏమొస్తుంది అంటారా? ఫోన్ నుంచి కంప్యూటర్‌కు ఫొటోలు ఎక్కించడం, ఫోల్డర్‌కు సరైన పేరు పెట్టడం, ఫైల్ సైజు తగ్గించడం, నెట్‌లో పెట్టడం, ఎవరి వస్తువో వాళ్ళను అడిగి పెట్టడం. పైన చెప్పిన దోస్త్ కష్టాలన్నీ సగం ఇవే. ఊరికే కూర్చోబెట్టి 'ఇది ఫోల్డర్' అంటే నిద్రపోతారు, తన బొమ్మ హెడ్‌సెట్‌లో కనబడాలంటే ఫోల్డర్ తానే వెతుక్కుంటాడు.

కరీంనగర్_వెల్డింగ్_సార్:

నేను ఐటీఐలో చెప్తాను, కాబట్టి నా కోణం వేరు. కోడర్ తమ్ముడు పాఠానికి పనికిరాదు అన్నది ఒప్పుకుంటా, చేతిపనికి మాత్రం దీని విలువ చాలామందికి తెలియదు.

వెల్డింగ్ సిమ్యులేటర్ ఉంటుంది. హెల్మెట్ లోపలే స్క్రీన్, చేతిలో నిజమైన వెల్డింగ్ టార్చ్ లాంటిదే. పిల్లవాడు ఏ కోణంలో పట్టుకున్నాడు, ఎంత వేగంతో లాగాడు, ప్లేటుకు ఎంత దూరంలో ఉంచాడు, అన్నీ కొలిచి చూపిస్తుంది. మామూలుగా అయితే ఇరవై మందికి రాడ్లు, ప్లేట్లు అయిపోతాయి, ఒక్కొక్కడి వెనక నిలబడి నేను ఎంతసేపని చూస్తా? మొదటి వారం భయం అక్కడ పోతుంది. తర్వాత నిజమైన నిప్పురవ్వల దగ్గరికి రావాల్సిందే, వేడి, పొగ, బరువు ఇవి సిమ్యులేటర్‌లో ఉండవు. సగం అక్కడ, సగం ఇక్కడ, అట్లయితేనే.

మీ లైబ్రరీలో వెల్డింగ్ పెట్టమని చెప్పట్లేదు. రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది, మనవాళ్ళు ఏటీసీలు అంటున్నారు. రోబోలు, సీఎన్‌సీ మెషీన్లు (కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని కోసేవి) అక్కడ ఉంటాయి. మీ ఊరి పిల్లలకు అవి ఉన్నాయనే తెలియదు. మీ గదిలో హెడ్‌సెట్ పెట్టి ఒక కార్ఖానా లోపల ఎట్లుంటుందో, సీఎన్‌సీ ముందు నిలబడితే ఎట్లుంటుందో పదిహేను నిమిషాలు చూపించి, మరుసటి వారం పిల్లలను దగ్గర్లోని ఏటీసీకి తీసుకుపోండి. ఆడపిల్లల తల్లిదండ్రులను కూడా చూడమనండి, 'వర్క్‌షాప్ అంటే నూనె మరకలు' అనే మాట వాళ్ళ నోటి నుంచే వస్తుంది ఎక్కువ.

పరకాల_పాతబ్యాచ్:

అందరికీ థాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. బాత్రూం ఉంది గానీ నీళ్ళు లేవు, అది రాసుకున్నా. మహిళా సంఘాల వాళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు. మా గ్రూపులో దుబాయ్‌లో ఉండే వాడు 'అమ్మలకు ఏటీఎం వీఆర్‌లో నేర్పిద్దాం' అంటున్నాడు.

జనగామ_సంఘం_అక్క:

తమ్మీ, నేను సంఘాల్లో పుస్తకాలు రాస్తా, ఫోన్ పనులు కూడా నేర్పిస్తా. 2017లో కేంద్రం పీఎంజీదిశా అని పల్లెల్లో కంప్యూటర్, ఫోన్ పనులు నేర్పే పథకం తెచ్చింది, ఇంటికొకరికి 20 గంటల శిక్షణ, 2024 మార్చితో అది అయిపోయింది. సర్టిఫికెట్ ఇంట్లో ఉంది, ఫోన్‌పే మాత్రం మనవడే కొడతాడు, అట్లాంటి వాళ్ళు మా దగ్గర మస్తుగా ఉన్నారు. ఎందుకంటే నేర్చుకున్నది ఎక్కడైనా నాలుగుసార్లు చేసి చూసుకునే చోటు లేదు. పైసలు పోతాయేమోనని భయం.

మా వాళ్ళను హనుమకొండలో ఒక డెమోకు తీసుకుపోయారు. కొందరికి రెండు నిమిషాలకే కళ్ళు తిరిగాయి, కళ్ళు నడుస్తున్నావంటాయి, కాళ్ళు కుర్చీలో ఉంటాయి కదా. అక్కడి పిల్లగాడు కుర్చీలో కూర్చోబెట్టి, కదలకుండా చుట్టూ చూసేది పెట్టాక బాగానే ఉంది. అప్పుడు ఒకామె పెట్టుకుంది, ఆమెకు కనబడేది టీవీలో మాకందరికీ కనబడింది, 'అటు తిరుగు వదినా, ఆ తలుపు తెరువు' అని పదిమంది చెప్పడం, నవ్వడం. మెషీన్ అంటే ఉన్న జంకు ఆ రోజు పోయింది, అది మాత్రం ఒప్పుకోవాలి. నేర్చుకుంది ఏముంది అంటే ఏమీ లేదు.

ఏటీఎం కోసం వీఆర్ ఎందుకు, బ్యాంకు పక్కనే ఉంది, వంద రూపాయలు తీయించి చూపించు. మా దగ్గర ఇప్పుడు అసలు గోస ఫోన్లో వచ్చే దొంగ పోలీసులది. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకొని 'డిజిటల్ అరెస్ట్' అంటారు, చదువుకున్నోళ్ళే పడిపోతున్నారు. దానికి నేను చేసేది ఏంటంటే, ఒకామెను దొంగ పోలీసును చేస్తా, ఇంకొకామెకు ఫోన్ చేయిస్తా, భయపెట్టమంటా. మా వాళ్ళు తిట్లు కూడా బాగా తిడతారు. చివర సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఏం చెప్పాలో అందరితో అనిపిస్తా. ఇది మీ గదిలో వారానికొకసారి పెట్టు, హెడ్‌సెట్ అక్కర్లేదు, నాలుగు కుర్చీలు చాలు.

జుట్టుకు నూనె, నుదుటికి బొట్టు, చెమట, ఇవన్నీ ఆ ముఖం దగ్గరి స్పాంజికి అంటుతాయి. తర్వాతి ఆమె పెట్టుకోవడానికి మొహం చిట్లిస్తుంది. అది కూడా చూసుకో.

కాజీపేట_కోడర్:

అక్క చెప్పిన స్పాంజి సంగతికి జవాబు: సిలికాన్ కవర్ వేయండి, మనిషి మారినప్పుడల్లా తుడవండి. ఆల్కహాల్ వైప్ లెన్స్‌కు మాత్రం తాకనివ్వకండి, దానికి కళ్ళద్దాల పొడిగుడ్డ.

మిగతావి గబగబా రాస్తా. మూడు హెడ్‌సెట్లు చాలు, ఒకటి పెట్టుకొని ఉంటే ఒకటి ఛార్జింగ్‌లో, ఒకటి రెడీగా. మెటా కంపెనీ క్వెస్ట్ లాంటి హెడ్‌సెట్ల బ్యాటరీ రెండు గంటలకు అటూ ఇటూగానే వస్తుంది. క్వెస్ట్ 3ఎస్ 2024 అక్టోబరులో అమెరికాలో 299 డాలర్లకు వచ్చింది, ఇక్కడికి వచ్చేసరికి పైన పడుతుంది, వారంటీ ఎవరు ఇస్తారో కొనకముందే అడగండి. నిలబడి ఆడేవాటికి ఒక్కొక్కరికి కనీసం రెండు మీటర్లు బై రెండు మీటర్లు ఖాళీ ఉండాలి, పది హెడ్‌సెట్లు ఒక గదిలో అంటే ఒకరి చెంప ఒకరు పగలగొట్టుకుంటారు. కళ్ళ మధ్య దూరం సరిచేసే అమరిక ఉంటుంది, దాన్ని పట్టించుకోకుండా పెట్టిస్తే తలనొప్పి అంటారు, వీఆర్‌నే తిడతారు. పదేళ్ళలోపు పిల్లలకు మెటా వాళ్ళే వద్దంటారు, 10 నుంచి 12 వరకు తల్లిదండ్రుల అకౌంట్ కిందే. మూర్ఛ ఉన్నవాళ్ళకు వద్దని గోడ మీద తెలుగులో రాయండి.

అన్నిటికంటే ముఖ్యం అకౌంట్. నాకు తెలిసిన ఒక సెంటర్‌లో హెడ్‌సెట్లన్నీ వెండర్ దగ్గర పనిచేసే కుర్రాడి మెయిల్‌తో లాగిన్ చేశారు. అతను ఉద్యోగం మానేశాడు, పాస్‌వర్డ్ పోయింది, ఓటీపీ అతని ఫోన్‌కు పోతుంది. లక్షల సామాను అట్లే బీరువాలో ఉంది. లైబ్రరీ పేరు మీద మెయిల్, లైబ్రరీలోనే ఉండే సిమ్, అంతే.

పరకాల_పాతబ్యాచ్:

నిన్న రాత్రి గ్రూప్ కాల్ పెట్టాం. మూడు హెడ్‌సెట్లు, ఒక టీవీ, ఐదు సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లు. మిగిలిన దాంట్లోంచి ఊర్లోనే బీఎస్సీ కంప్యూటర్స్ చేసిన ఒక అమ్మాయికి నెలనెలా జీతం, కనీసం ఏడాది పాటు. బోరుకు మోటారు మా వార్డు మెంబర్ చూస్తానన్నాడు. బోర్డు లేదంటే దుబాయ్ వాడు కొంచెం అలిగాడు. ఆ అమ్మాయి మాత్రం చేర్యాల బొమ్మ ముచ్చట చదివి అప్పుడే ఇంట్లో ఉన్న బొమ్మకు ఫొటోలు తీసి పంపింది, మోడల్‌కు ఒక చెవి రాలేదు.

చివరగా ఒకటి, మా దగ్గర ఎండాకాలం కరెంటు పోతుంటుంది, గదికి పడమటి కిటికీ. ఇన్వర్టర్ పెద్దది కావాలా?

కాజీపేట_కోడర్:

చెవి వెనక నుంచి ఫొటోలు తక్కువ తీసి ఉంటారు, బొమ్మను కొంచెం ఎత్తులో పెట్టి ఇంకో చుట్టు కిందినుంచి తీయమనండి.

హెడ్‌సెట్లకు వాటి బ్యాటరీ ఉంది, కాబట్టి పెద్ద ఇన్వర్టర్ వాటికోసం అక్కర్లేదు. రౌటర్‌కు చిన్న డీసీ యూపీఎస్ దొరుకుతుంది, అది పెట్టండి. కంప్యూటర్లకు, టీవీకి, ఫ్యాన్లకు ఎంత లోడ్ పడుతుందో మీ ఎలక్ట్రీషియన్‌తో లెక్క వేయించండి. రాత్రి తాళం వేసేటప్పుడు ఛార్జర్లు తీసేయాలి.

పడమటి కిటికీకి మాత్రం ముందే మందపాటి కర్టెన్ వేయండి. హెడ్‌సెట్‌ను లెన్స్ పైకి పెట్టి వదిలేస్తే సాయంత్రం ఎండ ఆ లెన్స్ గుండా పడి లోపలి స్క్రీన్‌ను కాలుస్తుంది. నిమిషాల పని. ఆ మచ్చ రిపేరు కాదు, వారంటీలోనూ రాదు.